పాపం, హంతకుడు!

డిటెక్టివ్ నవలలు చదివేవాళ్లందరికీ ఎదురయ్యే చిత్రం ఒకటుంది. రెండు వందల పేజీల దాకా ‘ఈ పని చేసినవాడు దొరికితే బాగుణ్ణు’ అనుకుంటూ చదువుతాం. ఆఖరి పది పేజీల్లో వాడు దొరుకుతాడు. నోరు విప్పుతాడు. తనకేం జరిగిందో, చచ్చినవాడు ఎంత దుర్మార్గుడో చెబుతాడు. పుస్తకం మూసేసరికి మన నోట వచ్చే మాట ‘పాపం’.

చిక్కంతా ఆ మాటలోనే ఉంది. చేసిన పనిని పాపం అంటాం. చేసినవాణ్ణి చూసి పాపం అనీ అంటాం. మొదటిది తీర్పు, రెండోది జాలి. మాట ఒకటే కావడంతో ఒకదాంట్లోంచి రెండోదాంట్లోకి ఎప్పుడు జారామో మనకే తెలీదు. చదివేవాళ్లు జారితే పోయేదేం లేదు, కాసేపు కళ్లు తడుస్తాయి. రాసేవాళ్లు జారితే మాత్రం ముగింపు పాడవుతుంది. అప్పటిదాకా గట్టిగా నడిచిన కేసు, ఆఖర్న హంతకుడి తరఫు వకీలు వాదనలా తయారవుతుంది.

ఎందుకు చేశాడో అర్థం చేసుకోవడం వేరు, చేసింది ఏమిటో తేల్చడం వేరు. ఇది ఎవరైనా ఒప్పుకునే మాటే. ఒప్పుకున్నాక కూడా రెండూ ఎందుకు కలిసిపోతాయన్నదే ప్రశ్న. మన మనసు మెత్తన కాబట్టి అనుకుంటాం గానీ, అసలు కారణం కథ కట్టుబడిలో ఉంది. కారణాన్ని ఏ పేజీలో చెప్పారన్నదాన్ని బట్టి అదే కారణం ఒకచోట మెడకి ఉచ్చు, ఇంకోచోట క్షమాభిక్ష.

ఉదాహరణలు లేకుండా ఈ సంగతి తేలదు. అందుకని షెర్లాక్ హోమ్స్ కథ ఒకటి, అగాథా క్రిస్టీ నవలలు రెండు, ఒక జపాన్ నవల, మనందరం చూసిన సినిమా ఒకటి, వీటి గుట్టు ఇక్కడ బయటపెట్టక తప్పలేదు. చదవనివాళ్లు ముందు అవి చదివి రావడం మేలు.

ఒకే సంగతి, రెండు పేజీలు

ముందు ఒక కల్పిత కథ అనుకుందాం. తణుకు దగ్గర బాయిల్డ్ రైస్ మిల్లు. యజమాని సూర్యారావు సాయంత్రం టీ తాగి కుర్చీలోనే ఒరిగిపోయాడు. టీలో ఎలకల మందు కలిసింది. అనుమానితులు నలుగురు: వాటా కోసం కాచుక్కూర్చున్న తమ్ముడు, అప్పు ఎగ్గొట్టాలని చూస్తున్న ధాన్యం కమీషన్ వ్యాపారి, టీ తెచ్చిన హోటలు కుర్రాడు, ఇరవై ఏళ్లుగా చిట్టా రాస్తున్న గుమస్తా వెంకటరత్నం.

నలభయ్యో పేజీలో హెడ్ కానిస్టేబులు ఎస్సైతో అంటాడు: “ఏడేళ్ల కిందట ఈ మిల్లులోనే బాయిలరు పేలి గుమస్తా గారబ్బాయి పోయాడండి. తాగి డ్యూటీకొచ్చాడని ఓనరు గారు రాయించారు. దాంతో పరిహారం రాలేదు.” చదవగానే మనం చేసే పని వెంకటరత్నం పేరు పక్కన ఒక టిక్కు పెట్టుకోవడం. కొడుకు చావు ఇక్కడ దుఃఖం కాదు, ఆధారం.

రెండు వందల ముప్పయ్యో పేజీలో అదే సంగతి వెంకటరత్నం చెబుతాడు: “మావాడు ఆ రోజు తాగలేదండి. పొద్దున్నే వాళ్లమ్మ పెట్టిన చద్దన్నం తిని వెళ్లాడు. తాగి ఉన్నాడన్న కాగితం నా చేతే రాయించారు. గుమస్తాని కదండీ, ఏది రాయమంటే అది రాయాలి.”

సంగతి పాతదే. చేరినవి రెండే: చద్దన్నం, ‘నా చేతే’ అన్న ముక్క. ఆ రెండింటితో నలభయ్యో పేజీలో మనం పెట్టిన టిక్కు మనకే సిగ్గనిపిస్తుంది. మొదటిసారి బయటినుంచి విన్నాం: ‘ఇతనికి చంపాల్సిన అవసరం ఉంది’. రెండోసారి లోపలినుంచి విన్నాం: ‘ఇతను ఇంకేం చేస్తాడు’. మధ్యలో చచ్చిపోయినవాడు గానీ, కప్పులో కలిసిన మందు గానీ పిసరంత మారలేదు.

అయితే లోపలి మాట అంత ఆలస్యంగా ఎందుకు రావాలి? ఈ ప్రక్రియకి పెట్టుకున్న కట్టుబాటే అది. 1929లో రోనాల్డ్ నాక్స్ అనే ఇంగ్లీషు మతగురువు, తనూ డిటెక్టివ్ నవలలు రాసేవాడు, ఈ తరహా రచనకి పది సూత్రాలు పెట్టాడు. మొదటి సూత్రమే ఇది: నేరస్థుడు కథ మొదట్లోనే కనిపించాలి, కానీ వాడి ఆలోచనల వెంట పాఠకుణ్ణి నడవనివ్వకూడదు. పజిలు నిలవాలంటే అది తప్పదు. దాని ఫలితం మాత్రం ఆయన లెక్కలోకి వచ్చిందో లేదో గానీ, రెండు వందల పేజీలు బిగబట్టిన జాలి అంతా చివరి పది పేజీల్లో గట్టు తెగినట్టు వచ్చిపడుతుంది. ఆ వరదలో తీర్పు కొట్టుకుపోతుంది.

వరస తిప్పేస్తే ఏమవుతుందో ఆస్టిన్ ఫ్రీమన్ అనే ఇంగ్లీషు రచయిత 1912లోనే కథలు రాసి చూపించాడు. నేరం మొదటే మన కళ్లముందు జరుగుతుంది, ఆ తర్వాత పరిశోధకుడు దాన్ని ఎలా పట్టుకుంటాడన్నది మిగతా సగం. ఇక్కడ చివర్న వచ్చిపడే వరద ఉండదు. నేరస్థుడి భయం మనకి మొదటినుంచీ తెలుసు కాబట్టి ఆ జాలి పలచబడి కథంతా పరుచుకుంటుంది. తీర్పు చెప్పడానికి తీరిక దొరుకుతుంది.

కోర్టు కట్టిన గోడ

ఇదే చిక్కు న్యాయస్థానాలకీ ఉంది. వాళ్లు దాన్ని ఎలా విడదీశారో చూస్తే నవల ఎక్కడ తడబడుతుందో తేలిగ్గా కనిపిస్తుంది.

తెలుగులో ‘ఉద్దేశం’ అన్న మాటని రెండింటికీ వాడేస్తాం. చట్టానికి అలా కుదరదు. ఆ పని వల్ల ఏం జరగాలని కోరుకున్నాడు అన్నది ఉద్దేశం. అలా జరగాలని ఎందుకు కోరుకున్నాడు అన్నది ప్రేరణ, వాడుకలో మోటివ్. మంచం పట్టి నొప్పితో మెలికలు తిరుగుతున్న భార్యకి భర్త కావాలనే మోతాదు మించి మాత్రలు వేశాడనుకోండి. ఉద్దేశం చంపడం. ప్రేరణ జాలి. హత్యా కాదా అని తేల్చేటప్పుడు చట్టం చూసేది మొదటిదాన్ని. రెండోది ఎంత మంచిదైనా మొదటిదాన్ని చెరపలేదు.

అంటే ప్రేరణకి కోర్టులో చోటు లేదని కాదు. దానికి రెండు వేరే తలుపులున్నాయి. ఒకటి సాక్ష్యం తలుపు. పాత సాక్ష్య చట్టం 8వ సెక్షన్, ఇప్పటి భారతీయ సాక్ష్య అధినియమంలో 6వ సెక్షన్, ప్రేరణని పరిశీలించదగ్గ విషయంగా లెక్కిస్తుంది. కళ్లారా చూసిన నమ్మదగ్గ సాక్షి ఉంటే దాని అవసరం పెద్దగా ఉండదు. చూసినవాళ్లు లేక పరిస్థితుల సాక్ష్యం మీదే కేసు నడిస్తే బరువు పెరుగుతుంది, ప్రేరణ కనబడకపోతే అది ముద్దాయికి మేలు చేయవచ్చు. రెండోది శిక్ష తలుపు. 1973 నాటి క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 235వ సెక్షన్‌లో పెట్టిన ఏర్పాటు ఇప్పుడు నాగరిక్ సురక్షా సంహితలో 258వ సెక్షన్‌గా ఉంది. నేరం రుజువైందని చెప్పాక, శిక్ష ఎంత అన్నదాని మీద ముద్దాయి మాట జడ్జి విడిగా వినాలి. ఇంటి పరిస్థితి, వయసు, పడ్డ బాధ, చేసిన పనికి వెనకున్న కథ, ఇవన్నీ అక్కడ చెప్పుకోవచ్చు.

మన మిల్లు కథకి పెట్టి చూడండి. నలభయ్యో పేజీ సాక్ష్యం తలుపు. రెండు వందల ముప్పయ్యో పేజీ శిక్ష తలుపు. కోర్టు ఆ రెంటి మధ్యా ‘నేరం రుజువైంది’ అనే గోడ కట్టింది. నవలలో ఆ గోడ ఉండదు. డిటెక్టివు ‘నువ్వే చేశావు’ అన్న మరుక్షణమే హంతకుడు గతం చెప్పడం మొదలుపెడతాడు. రుజువైన నేరం కాసేపైనా మన ముందు ఒంటరిగా నిలబడదు.

ఒకచోట మాత్రం చట్టమే కారణాన్ని నేరం దాకా రానిస్తుంది. తీవ్రంగా, అకస్మాత్తుగా రెచ్చగొట్టడం వల్ల అదుపు తప్పి చంపితే అది హత్య స్థాయి నుంచి, హత్య కిందకి రాని నరహత్య స్థాయికి దిగుతుంది. పాత శిక్షాస్మృతిలో 300వ సెక్షన్ మొదటి మినహాయింపు, 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న న్యాయ సంహితలో 101వ సెక్షన్‌ది. ఇక్కడ కొలిచేది అతని బాధ ఎంత న్యాయమైందని కాదు. ఆ క్షణాన తన మీద తనకి అదుపు ఉందా లేదా అని.

ఈ తేడా బొంబాయి నానావతి కేసులో ఉన్నంత స్పష్టంగా ఇంకెక్కడా కనబడదు. నౌకాదళ కమాండర్ నానావతికి 1959 ఏప్రిల్ 27న భార్య తన సంబంధం సంగతి చెప్పింది. ఆయన ఆమెనీ పిల్లల్నీ సినిమా హాలు దగ్గర దింపాడు. ఓడకి వెళ్లి ఒక వంక చెప్పి రివాల్వరు, ఆరు తూటాలు తీసుకున్నాడు. భార్యతో సంబంధం ఉన్న మనిషి ఆఫీసుకి వెళ్లాడు, అక్కడ లేకపోతే అతని ఇంటికి వెళ్లాడు, అతన్ని కాల్చాడు. జ్యూరీలో ఎనిమిదిమంది నిర్దోషి అన్నారు, ఒక్కరే కాదన్నారు. సెషన్స్ జడ్జి దాన్ని ఒప్పుకోక హైకోర్టుకి పంపాడు. యావజ్జీవం పడింది. 1961 నవంబరులో సుప్రీంకోర్టు దాన్నే ఖాయం చేసింది. ఆ తీర్పు రాసింది మన రాజమండ్రిలో పుట్టిన జస్టిస్ కోకా సుబ్బారావు. అందులో కీలకం ఒక చిన్న లెక్క: ఇల్లు వదిలింది మధ్యాహ్నం ఒంటిగంటన్నరకి, కాల్చింది నాలుగూ ఇరవైకి. మధ్యలో దాదాపు మూడు గంటలు. అదుపులోకి రావడానికి అది చాలు.

జ్యూరీ ప్రేరణని చూసింది, కోర్టు గడియారాన్ని చూసింది. భర్తగా ఆయన పడ్డ క్షోభ తీర్పులో ఎక్కడా అబద్ధం కాలేదు. 1964లో గవర్నరు క్షమాభిక్ష ఇచ్చినా నేరం హత్యగానే ఉంది, మిగిలిన శిక్ష ఒక్కటే తగ్గింది. గోడ నిలిచింది.

మళ్లీ తణుకు వద్దాం. వెంకటరత్నానికి ఏడేళ్ల గడువుంది. ఎలకల మందు రెండు రోజుల ముందు సంతలో కొన్నాడు. కాబట్టి మినహాయింపు వర్తించదు. ఆ కొన్న రోజు నవలలో ఉండాల్సిందే, వారంతో సహా. ‘ఏదో కసిలో చేసేశాడు’ అని దాటవేసే రచయిత, పాఠకుడి చేతిలోంచి గడియారం లాక్కుంటున్నాడు.

హోమ్స్ నడిపిన కోర్టు

డిటెక్టివే జడ్జి అయిపోయిన కథల్లో బాగా కట్టింది 1904లో వచ్చిన ‘అబ్బే గ్రేంజ్’. సర్ యూస్టేస్ బ్రాకెన్‌స్టాల్ తన భోజనాల గదిలో తల పగిలి పడి ఉంటాడు. పక్కనే పొయ్యి ఎగదోసే ఇనప కడ్డీ. భార్య కుర్చీకి కట్టేసి ఉంది. ముగ్గురు దొంగలొచ్చారంటుంది.

హోమ్స్‌కి మూడు చోట్ల అతకదు. మూడు గ్లాసుల్లో వైను తాగారట, కానీ అడుగు మడ్డి ఒక్క గ్లాసులోనే ఉంది. ఆమెని కట్టింది పనివాళ్లని పిలిచే గంట తాడుతో. దొంగ దాన్ని లాగి తెంపితే వంటింట్లో గంట మోగాలి, మోగలేదు. పైకెక్కి చూస్తే తాడు కత్తితో కోసి ఉంది. కుర్చీలో ఆమె కూర్చున్నచోట నెత్తుటి మచ్చ ఉంది. హత్య జరిగేటప్పటికే ఆమె అందులో ఉంటే ఆ మచ్చ ఆమె కిందకి ఎలా వచ్చింది? ఇక్కడి దాకా కారణంతో పని లేదు, అంతా పని తాలూకు గుర్తులే. వాటితోనే ఆమెని ప్రేమించిన ఓడ కెప్టెన్ క్రోకర్ దాకా వెళతాడు.

ఆ తర్వాత వాట్సన్‌ని జ్యూరీగా కూర్చోబెట్టి, తను జడ్జి అయి, విచారణ జరిపి వదిలేస్తాడు. చదివినవాళ్లెవరికీ అది అన్యాయం అనిపించదు. ఎందుకనిపించదో విప్పి చూస్తే ఈ కథ రాసిన కోనన్ డాయిల్ తక్కెడలో ఒక్కొక్క రాయి ఎలా వేశాడో తెలుస్తుంది. యూస్టేస్ భార్య కుక్క మీద పెట్రోలియం పోసి అంటించాడు. పనిమనిషి మీద సీసా విసిరాడు. భార్య చేతిని టోపీ పిన్నుతో పొడిచాడు. ఇవి చనిపోయినవాడి మీద కోపం తెప్పించే రాళ్లు, వేయడం తేలిక, అందరూ వేసేవే. అసలు నేర్పు తర్వాతి రాళ్లలో ఉంది. ఆ రాత్రి మొదట చెయ్యి చేసుకుంది యూస్టేస్, కర్రతో భార్య మొహం మీద కొట్టాడు. క్రోకర్ ఆయుధం తెచ్చుకోలేదు, చేతికందిన కడ్డీ తీసుకున్నాడు. హోమ్స్ అతనికి ఒక పరీక్ష పెడతాడు: ఇరవై నాలుగ్గంటలిస్తాను, పారిపో అంటాడు. ఆమెని తోడుదొంగగా వదిలేసి తను పోనంటాడు క్రోకర్. చూడండి, ఈ మూడూ ప్రేరణ గురించి కావు. మొదటి రెండూ పని ఎలా జరిగిందన్న దాని గురించి, మూడోది ఆ తర్వాత నడవడి గురించి. జాలి మీద ఆధారపడకుండా పని మీదే తీర్పు మెత్తబడేలా కట్టాడు.

ఇంకో రాయి ఉంది, చాలామంది దాటేసి చదువుతారు. ముగ్గురు దొంగల కథకి ఆమె వాడుకున్నది పేపర్లలో పడ్డ రాండల్ ముఠా వర్ణన. తండ్రి, ఇద్దరు కొడుకులు. వాళ్లు అదే రోజు న్యూయార్క్‌లో పట్టుబడ్డట్టు కబురొస్తుంది. అంటే ఈ హత్యలో వాళ్లు ఇరుక్కోరు. ఆ కబురు రాకపోతే? ఒక్క అబద్ధానికి ముగ్గురు ఉరికంబం ఎక్కేవాళ్లు. డాయిల్‌కి ఇది తెలుసు. హోమ్స్ క్రోకర్‌ని వదిలేస్తూ ఒక షరతు పెడతాడు: చట్టం ఇంకెవరినైనా దీనికి బలి పట్టుకోనంత కాలమే నా వల్ల నీకు భయం లేదు. క్షమించే కథలు చాలా ఉన్నాయి గానీ, క్షమకి గడువు రాసిన వాక్యం ఇంత క్లుప్తంగా ఇంకోచోట దొరకడం కష్టం.

ఆ షరతు పట్టుకుని మిగతా కథల్ని కొలవొచ్చు. హిగాషినో కీగో 2005లో రాసిన ‘ది డివోషన్ ఆఫ్ సస్పెక్ట్ ఎక్స్’ చదివినవాళ్లు లెక్కల మాస్టారు ఇషిగామిని తలుచుకుని ఇప్పటికీ నిట్టూరుస్తారు. పక్కింటావిడ, వేధిస్తున్న మాజీ భర్తని పెనుగులాటలో చంపేస్తుంది. ఆవిణ్ణి కాపాడ్డానికి ఇతను దేనికైనా సిద్ధం. ప్రేరణ దగ్గర వేలెత్తి చూపడానికి ఏమీ లేదు. కానీ కాపాడిన తీరు? మర్నాడు ఊరూ పేరూ ఎవరూ అడగని ఒక ఇల్లులేని మనిషిని చంపి, గుర్తు తెలీకుండా చేసి, అదే భర్త శవమని పోలీసులు నమ్మేలా చేస్తాడు. ఆ రోజుకి ఆవిడ దగ్గర నిజమైన అలిబీ, అంటే వేరేచోట ఉన్నానన్న రుజువు, ఉంది, అబద్ధమాడాల్సిన పనే లేదు. ఎత్తుగడగా అద్భుతం. చివరి పేజీల్లో మన కన్నీళ్లన్నీ మాస్టారికే పోతాయి. చచ్చిన ఆ మనిషికి కథలో పేరు కూడా సరిగ్గా దక్కదు. పేరు లేనివాడి మీద జాలి పుట్టడం కష్టమని రచయితకి తెలుసు, ఆ తెలివినే ఇషిగామికి ఎత్తుగడగా ఇచ్చాడు. ప్రేరణ ఎంత వెలుగిస్తే అంత చీకటి ఇంకోచోట పడుతుందనడానికి ఇంతకన్నా ఉదాహరణ అక్కర్లేదు.

2014 తెలుగు ‘దృశ్యం’లో కూడా తేదీని జరిపే ఎత్తే ఉంది. తేడా ఏమిటంటే అక్కడ కుటుంబం ఎందుకు చేసిందో మనకి ముందే తెలుసు, శవం ఎక్కడుందన్నది చివరికి తెలుస్తుంది. వరస తిరగబడింది కాబట్టి చివర్న వచ్చిపడాల్సిన జాలి ఇంకొకరి వైపు వెళ్లడానికి వీలుంది. సినిమా దాన్ని వాడుకుంది కూడా. కొడుకు ఏమయ్యాడో తెలీని తల్లిదండ్రులు చివర్న వచ్చి రాంబాబు ముందు నిలబడతారు. అప్పటిదాకా ఐజీగా కనిపించిన ఆవిడ అక్కడ ఉత్త తల్లి.

క్రిస్టీ ‘మర్డర్ ఆన్ ది ఓరియంట్ ఎక్స్‌ప్రెస్’ (1934) వేరే దారి పట్టింది. చచ్చినవాడు పసిపిల్ల చావుకి కారకుడై చట్టం నుంచి జారుకున్నవాడు, కారణం ఎలాగూ బలమైనదే. ఆమె చేసిన అసలు కిటుకు పనిని ముక్కలు చేయడం. పన్నెండు పోట్లు, పన్నెండు చేతులు. ప్రాణం తీసిన పోటు ఏదో పొడిచినవాళ్లకే తెలీదు. తీర్పు పడాలంటే ఒక మనిషి మీద పడాలి, ఇక్కడ పడే చోటు లేదు. పైగా రైలు యుగోస్లావియా మంచులో ఇరుక్కుంది, పోలీసులు ఎక్కలేదు. రెండు పరిష్కారాలు చెప్పి డిటెక్టివు పొయరో తప్పుకుంటే, ఎంచుకునేది రైలు కంపెనీ డైరెక్టరూ ఒక డాక్టరూ. చట్టం ఊళ్లో లేనప్పుడు పెట్టిన పంచాయితీ అది.

అదే క్రిస్టీ ‘కర్టెన్’ (1975)లో దీన్ని బోర్లించి చూసింది. అక్కడి దుర్మార్గుడు ఎవరినీ ముట్టుకోడు. మాటలతో ఇతరుల మనసులో హత్య నాటుతాడు. ప్రేరణ నిండుగా ఉంది, పనే లేదు. చట్టం చేతికి ఏమీ అందదు. పొయరో తానే వాణ్ణి చంపి, చేసింది సరైనదో కాదో తనకే తెలీదని రాసి పోతాడు. జీవితమంతా ఎవరెవరికో తీర్పులు చెప్పినవాడు తన పని దగ్గరికొచ్చేసరికి ఆ మాట రాయడం, ఈ రెండు తూకాలూ ఒకదానికొకటి బదులు రావని ఒప్పుకోవడమే.

అర్థం చేసుకోవడం ఒక పనిముట్టు

అర్థం చేసుకోవడం అంటే సగం క్షమించడమే అనుకునేవాళ్లు చెస్టర్టన్ సృష్టించిన డిటెక్టివు, చర్చి ఫాదరీ అయిన ఫాదర్ బ్రౌన్‌ని చూడాలి. 1927 సంపుటిలో ఆయన తన పద్ధతి చెబుతాడు: ఆ హత్యలన్నీ నేనే చేశాను. అంటే హంతకుడి కోపం, భయం, లెక్కలు తన లోపల పూర్తిగా తయారయ్యేదాకా కూర్చుంటాడు, చెయ్యి ఎత్తడం ఒక్కటే మిగిలేదాకా. మనిషిని బయటినుంచి పురుగుని చూసినట్టు చూసే శాస్త్రం ఆయనకి పనికిరాదు. ఇంత చేసినా హత్యని హత్య అనడానికి ఆయన వెనకాడడు. పైగా లోపలికి వెళ్లాడు కాబట్టే సాకుని సాకుగా గుర్తుపడతాడు.

ఫ్రెంచిలో నవలలు రాసిన సిమెనాన్ ‘అర్థం చేసుకో, తీర్పు చెప్పకు’ అన్నదాన్ని తన సూత్రంగా పెట్టుకున్నాడు. ఆయన మెగ్రే కమిషనరు రాత్రంతా నేరస్థుడి ఎదురుగా కూర్చుంటాడు, కింది హోటలు నుంచి బీర్లు, శాండ్‌విచ్‌లు తెప్పిస్తాడు, వాడి బతుకంతా వింటాడు. తెల్లారాక అరెస్టు చేస్తాడు. తీర్పు ఆయన పని కాదు, దానికి మేజిస్ట్రేటు ఉన్నాడు. ‘తీర్పు చెప్పకు’ అంటే ‘తీర్పే వద్దు’ అని కాదన్నమాట. ఈ బల్ల దగ్గర కాదు అని.

రాసేవాళ్ల దగ్గర ఇది ఎక్కడెక్కడ చెడుతుందో చెప్పుకోవాలంటే మొదట వచ్చేది ఒప్పుకోలు ఉపన్యాసం. హంతకుడు ఆరు పేజీలు ఆపకుండా మాట్లాడతాడు, చుట్టూ ఉన్నవాళ్లు దిష్టిబొమ్మల్లా వింటారు. మందు చాలా చిన్నది: మధ్యలో ఎవరో ఒకరు అడ్డుపడి ఒక్క తేదీ, ఒక్క లెక్క అడగాలి. “మంగళవారం సంతలో కొన్నారు, గురువారం కలిపారు. బుధవారం ఏం చేశారు?” వెంకటరత్నం దగ్గర దీనికి జవాబు ఉండాలి. మామూలుగా మిల్లుకొచ్చి చిట్టా రాశానంటాడు. ఆ బుధవారం వల్ల అతని దుఃఖం తగ్గదు, కానీ పని తన ఆకారంతో మన ముందు నిలబడుతుంది. కోర్టు కట్టిన గోడ నవలలో కట్టాలంటే ఇలాంటి ఇటిక ఒక్కటి చాలు.

చనిపోయినవాణ్ణి రాక్షసుణ్ణి చేయడం ఇంకో జబ్బు. సూర్యారావు పుట్టినప్పటి నుంచీ దుర్మార్గుడైతే పాఠకుడికి తీర్పు చెప్పే అవసరమే రాదు, చెత్త ఊడ్చినట్టుంటుంది. ఆ తప్పుడు కాగితం రాయించినవాడే, వరదలప్పుడు కూలీలకి మిల్లు గోదాము తెరిచి పెట్టినవాడు కూడా అయితే అప్పుడు తూకం తూకంలా ఉంటుంది. అలాంటి సంగతి ఒక్కటి, సగం పేజీ మించకుండా, కథ మొదటి మూడో వంతులో పడాలి. చివర్న చెబితే అతుకు కనిపిస్తుంది.

‘చిన్నప్పుడు నాన్న కొట్టేవాడు, అందుకే ఇలా అయ్యాడు’ అన్న రకం గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. అది ప్రేరణ కాదు, చరిత్ర. ప్రేరణ అంటే ఈ మనిషిని, ఈ వారం, ఈ విధంగా చంపడానికి కారణం. మానసిక జబ్బుని కారణంగా చూపడం అంతకన్నా అధ్వానం, దాంతో రెండు తూకాలూ ఒక్కసారే చేతిలోంచి జారిపోతాయి. డబ్బు కోసం చేసిన హత్యలో మాత్రం ఈ గొడవే ఉండదు. అందుకే పాత అపరాధ పరిశోధక నవలలు ముగించడం తేలిక. బేడీలు వేస్తే అయిపోయింది.

చదువుతూ విడదీయాలంటే ఒక కాగితం తీసుకుని హంతకుడు దొరికిన పేజీ దగ్గర ఆగి, అతని ఒప్పుకోలు చదవకముందే మూడు సంగతులు రాసుకోవాలి: ఏం చేశాడు, ఎంత ముందుగా సిద్ధపడ్డాడు, అతను కాక ఇంకెవరు మూల్యం కట్టారు. తర్వాత ఒప్పుకోలు చదవాలి. మొదటి రెండింటికీ జవాబు మారదు, మారితే రచయిత మోసం చేసినట్టే. జాలి పుట్టినా పుట్టకపోయినా చాలాసార్లు ఖాళీగా మిగిలేది మూడో గడి. దాన్ని నింపడం రచయితలు మర్చిపోతారు.

మిల్లు కథలో ఆ గడిలో ఉన్నది టీ తెచ్చిన కుర్రాడు. మొదట వాణ్ణే పట్టుకెళ్లారు, పదకొండు రోజులు లోపలున్నాడు. వెంకటరత్నానికి ఆ సంగతి తెలుసు. ఆ పదకొండు రోజులూ మిల్లుకొచ్చాడు, చిట్టా రాశాడు. నవల ఆఖరి పేజీ అతని కొడుకు ఫొటో మీద ముగించడం సులువు, అందరూ అదే చేస్తారు. దానికి ముందు నాలుగు లైన్లు కుర్రాడికి ఇవ్వాలి: విడుదలై హోటలుకి వెళ్లాడు. ఓనరు లోపలికి రమ్మనలేదు. టీ గ్లాసులు మోసే ఇనప స్టాండు ఇంకొకడి చేతిలో ఉంది. మిల్లు వైపు వెళ్లేవాళ్లు ఎవరైనా ఉన్నారా అని ఆ కొత్తవాణ్ణి అడిగి, జీతం బాకీ అడగడం మర్చిపోయి, బస్టాండు వైపు నడిచాడు.